ఊరి పేరు చెప్పగానే

మా పుట్టిల్లు ఉద్దానం ప్రాంతంలోని కవిటి. శ్రీకాకుళంలో పాఠాలు చెప్పుకొని బతుకుతున్నాను. ఏడాదిన్నరలో ఆరుసార్లు నాకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. మంట, చలిజ్వరం, ఐదు రోజుల మాత్రలు, కొన్నాళ్లకు మళ్లీ మొదలు. మూడోసారి వెళ్లినప్పుడు ఒక డాక్టరుగారు చీటీ మీద మా ఊరి పేరు చూసి, తల ఎత్తకుండానే, "ఉద్దానం వాళ్లకి కిడ్నీ జబ్బు మామూలేనమ్మా" అన్నారు. మూత్రంలో ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ పరీక్ష రాయలేదు, స్కానింగ్ రాయలేదు. డయాలసిస్ మీదే పోయిన మా పెదనాన్న గుర్తొచ్చి, నేనూ ఆ మాటే నమ్మి ఊరుకున్నాను.

ఉద్దానం జబ్బు మంటా జ్వరమూ లేకుండా, ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా కిడ్నీలను తినేస్తుంది. దాని కారణం ఇప్పటికీ తేలలేదు. నాది ప్రతిసారీ కేకలు పెట్టి మరీ చెప్పింది. వినే చెవి దొరకలేదు, అంతే.

కార్తీకమాసంలో ఒక రాత్రి ఎడమ డొక్కలో పోటుతో మెలకువ వచ్చింది. నాలుగు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. మా తమ్ముడు నీళ్లు పట్టిస్తుంటే స్టీలు గ్లాసు పళ్లకు తగిలి టకటకా మోగింది. జ్వరం 104. వాడు నన్ను కారులో వేసుకొని విశాఖకు బయలుదేరాడు. నాతవలస టోల్‌గేటు దగ్గర బండి ఆగినప్పుడు ఆ దీపాలు రెండేసిగా కనిపించాయి. "అప్పా, మాటాడుతుండు, ఏటీ అవదు" అంటూనే వాడు ఏడుస్తున్నాడు. ఆస్పత్రిలో తెల్లవారేదాకా నా బి.పి. 80 దాటలేదు.

అక్కడి డాక్టరమ్మ ఊరు అడగలేదు, ఎన్నిసార్లు వచ్చిందని అడిగారు. ఆవిడకు రోజూ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. కల్చర్‌లో ఈ-కోలై అనే క్రిమి తేలింది. కిడ్నీల నుంచి మూత్రం ఎలా దిగుతోందో చూపే డీటీపీఏ స్కాన్‌లో అసలు సంగతి బయటపడింది: ఎడమ కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టం మొదట్లోనే పుట్టుకతో ఇరుకు. నిలవ నీటిలో పాచి పట్టినట్టు, నిలిచిన మూత్రంలో క్రిములు పెరుగుతున్నాయి. ఆ ఇరుకు ముక్క కోసి, మిగిలిన గొట్టాన్ని మళ్లీ అతికే పైలోప్లాస్టీ ఆపరేషన్ చేస్తారట. అతుకు మానేదాకా లోపల కొన్ని వారాలు స్టెంట్ అనే సన్నని గొట్టం ఉంచుతారట. అంతకుముందు మూత్రం కల్చర్‌లో ఏ క్రిమీ పెరగకూడదు. అందుకే ఇప్పుడు రాత్రికో మాత్ర, వేళకు నీళ్లు. బడిలో గడియ లేని మరుగుదొడ్డికి భయపడి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా గడిపిన ఏళ్లకు మాత్రం నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

నాలాంటి వాళ్లు మొదటి మాత్ర మింగకముందే కల్చర్‌కు మూత్రం ఇవ్వండి. మాత్ర పడ్డాక క్రిమి దొరక్కపోవచ్చు. అమ్మ అరసవల్లి ఆదిత్యుడికి మొక్కుకుంది. నేను వద్దనలేదు.

నిన్న ఆస్పత్రి ఫారంలో స్వగ్రామం గడిలో కవిటి అని రాస్తుంటే నర్సమ్మ తొంగిచూసి "ఉద్దానమా?" అని నిట్టూర్చింది. "అవునమ్మా, కానీ నాది గొట్టం ఇరుకు" అన్నాను.