మా ఊరంతా వి-523

ఇవాళ పొద్దుటి నుంచీ వెంకటమ్మలతోనే సరిపోయింది.

బీపీ, షుగర్ సర్వే డేటా లాక్ చెయ్యాల్సిన గడువు దగ్గరికొచ్చింది. లాక్ అయ్యాక ఒక్క అంకె మార్చడానికి కూడా వీల్లేదు, డేటా నేరుగా స్టాటిస్టీషియన్ చేతికి పోతుంది. ఆ లోపల తేల్చాల్సినవాటిలో ఒకే మనిషి రెండుసార్లు నమోదయ్యాడా అన్నది ఒకటి. సర్వే డేటాలో పేర్లుండవు, నంబర్లే. పేర్ల ఫైలు వేరే చోట పాస్‌వర్డ్‌తో ఉంటుంది. దాన్ని తెరిచే అనుమతి ఆఫీసులో ఇద్దరికే. రెండో మనిషి సెలవులో ఉన్నాడు కాబట్టి పని నా నెత్తిన పడింది.

పేర్లు పోల్చడానికి చాలామంది మొదట పట్టుకునేది సౌండెక్స్. 1918లో అమెరికాలో పేటెంట్ అయిన పద్ధతి. ఇంగ్లిష్ స్పెల్లింగులో మొదటి అక్షరాన్ని ఉంచుకుంటుంది, అచ్చుల్ని, హెచ్, డబ్ల్యూ, వైలను వదిలేస్తుంది, మిగతా హల్లులకు అంకెలిస్తుంది. మూడు అంకెలు రాగానే ఆగిపోతుంది. లక్ష్మిని రెండు స్పెల్లింగుల్లో ఎలా రాసినా ఎల్-250 అనే వస్తుంది, అంతవరకు బాగుంది. వెంకట దగ్గరికి వచ్చేసరికి న-కు 5, క-కు 2, ట-కు 3. అక్కడికే దానికి కడుపు నిండిపోతుంది. వెంకటమ్మ, వెంకటేశు, వెంకటరమణ, వెంకటసుబ్బయ్య, వెంకటలక్ష్మి, అందరూ వి-523. తిరుమల కొండ కింద కూర్చుని ఈ పద్ధతి వాడితే ఊళ్లో సగంమంది ఒకరికొకరు డూప్లికేట్లే.

దీనికి తోడు ఇంకో తమాషా. ఒకమ్మాయి ట్యాబ్‌లో పేరు చెవికి విన్నట్టే కొట్టింది, ‘ఎంకటమ్మ’ అని. దాంతో కోడ్ ఇ-523 అయింది. మొదటి అక్షరమే మారింది కాబట్టి ఆ ఎంకటమ్మ ఏ వెంకటమ్మతోనూ జత కాదు, నిజంగా రెండోసారి నమోదైనా సరే. అవసరం లేనివాళ్లందరినీ కలిపి, కలపాల్సిన మనిషిని వదిలేసిందన్నమాట.

అందుకే సౌండెక్స్‌ని పక్కన పెట్టి పేరు, భర్త పేరు లేదా తండ్రి పేరు, మండలం, ఫోన్ నంబరు, వయసు కలిపి మార్కులు వేసే ప్రోగ్రాం రాశాను. మార్కులు ఎక్కువ వచ్చిన జతలు ఒక జాబితాగా వస్తాయి. వాటిని కంటితో చూసుకోవాలి.

అయితే వయసును నమ్మి ఎక్కువ మార్కులు ఇవ్వలేం. మా డేటాలో జనం 45, 50, 55, 60 దగ్గర గుంపులుగా నిలబడి ఉంటారు, మధ్యలో ఎవరూ ఉండరు. విప్పుల్ ఇండెక్స్ అని దీనికో కొలత కూడా ఉంది. అది 100 ఉంటే వయసు చివర సున్నా లేదా ఐదు పెట్టే మోజు లేనట్టు, 500 ఉంటే అందరూ ఆ రెండు అంకెలతోనే వయసు చెప్పినట్టు. బాగా అడగడం తెలిసిన సర్వేయరయితే ‘అన్నగారు ముఖ్యమంత్రి అయినప్పుడు నీకు పెళ్లయిందా అవ్వా’ అని మొదలుపెట్టి 1983 నుంచి లెక్క కట్టుకొస్తుంది. తొందరలో ఉన్న సర్వేయర్ 50 అని కొట్టేసి పక్కింటికి పోతుంది. ఎవరు ఏ రకమో డేటా చూస్తే తెలిసిపోతుంది, పైకి అనను అంతే.

పదకొండింటికి ట్రైనింగుకొచ్చిన అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ‘మేడం, ఈయనకి పుట్టిన తేదీ ఉంది, వయసెందుకు రాలేదు?’ అంది. చూస్తే తేదీ 1960 జనవరి 1. మేం లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ సాస్‌లో తేదీ అంటే లోపల ఒక అంకె, 1960 జనవరి 1 నుంచి ఎన్ని రోజులయిందో ఆ లెక్క. ఆ రోజు విలువ సున్నా. మాకంటే ముందు పనిచేసినాయన ప్రోగ్రాంలో ‘తేదీ ఉంటే వయసు కట్టు’ అని రాసి పెట్టాడు. సాస్ సున్నాను ‘లేదు’ కిందే జమకడుతుంది. ఎక్కడో ఒకరుంటే పోనీలే అనుకోవచ్చు. కానీ అసలు తేదీ తెలియని పెద్దవాళ్లకు కార్డుల్లో జనవరి 1 రాసెయ్యడం మన దగ్గర మామూలే కదా, 1960లో పుట్టామని చెప్పినవాళ్లలో ఇలా వయసు లేకుండా పోయినవాళ్లు ఇంకొందరు బయటపడ్డారు. తేదీ మిస్సింగ్ కాకపోతే అని షరతు మార్చమని చెప్పాను. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. నాకూ ఈ పనిలో నచ్చేది ఇదే, మిగతాదంతా ఫోన్లు.

మధ్యాహ్నం ఫోన్లే. ఒకాయన పరగడుపు షుగర్ 6.1 అని ఉంది, యూనిట్ గడిలో మిల్లీగ్రాములు అని ఉంది. 6.1 మిల్లీగ్రాముల షుగరుతో ఎవరూ కుర్చీలో కూర్చుని బీపీ చూపించుకోరు. మీటరు మిల్లీమోల్స్ అనే ఇంకో కొలతలో ఉండి ఉంటుంది, 18తో గుణిస్తే 110 వస్తుంది, చక్కగా సరిపోతుంది. అలా సరిపోతుందని నేనే గుణించి పెట్టడానికి లేదు. క్వెరీ వేశాను, అంటే ఈ అంకె సరైనదేనా అని సర్వేయర్‌ని రాసి అడిగాను, మీటరు ఫొటో పంపమన్నాను. కాగితం ఫారాల కాలంలో కూడా రూలు ఇదే. తెల్ల ఇంకు పుయ్యకూడదు, పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ పెట్టాలి. ఇప్పుడు మేం డేటా ఎక్కించే సాఫ్ట్‌వేర్ రెడ్‌క్యాప్ ఆ పని తనే చేస్తుంది, ముందు ఏముంది, ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అని లాగ్‌లో ఉండిపోతుంది.

పాత క్వెరీలకు జవాబులు చదువుతుంటే నవ్వాగలేదు. గంగమ్మ జాతర వారంలో పడ్డ విజిట్లన్నీ మాకు తలనొప్పే. పరగడుపున రమ్మంటే అంబలి తాగి వస్తారు. ఒకాయన బీపీ ఎందుకు చూడలేదని అడిగితే సర్వేయర్ ఇచ్చిన కారణం: ‘మాతంగి వేషంలో ఉండాడు, రేపు రమ్మన్నాడు.’ దీనికి కోడ్‌బుక్‌లో ఏ కోడ్ ఇవ్వాలి? ‘తాత్కాలికంగా అందుబాటులో లేరు’ అని ఇచ్చాను. కామెంటు మాత్రం అలాగే ఉంచాను.

జిల్లాల గొడవ కూడా ఇవాళే తేలింది. మొదటి విడత సర్వే అయినప్పుడు చంద్రగిరి చిత్తూరు జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4 తర్వాత తిరుపతి జిల్లా. ఎవరో రెండు విడతల్నీ జిల్లా పేరుతో మెర్జ్ చెయ్యబోయారు, చంద్రగిరి మొత్తం కనబడకుండా పోయింది. పాత ఫైలులో జిల్లా మార్చేద్దామన్నారు. వద్దన్నాను. ఆ రోజు ఆ మనిషి చెప్పింది చిత్తూరు జిల్లానే. మండలం కోడ్‌తో కలుపుకుని, కొత్త జిల్లాను వేరే గడిలో పెట్టుకుంటే సరిపోతుంది.

మళ్లీ వెంకటమ్మలు. జాబితాలో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వచ్చిన జత: ఇద్దరూ వెంకటమ్మలే, ఒకే ఊరు, ఒకే ఫోన్ నంబరు. భర్త పేరు ఒకచోట మునిస్వామి, ఇంకోచోట వట్టి ‘ముని’. వయసులు 45, 50. కంప్యూటర్ దృష్టిలో అనుమానమే లేదు. నాకు మాత్రం ఎత్తు చూడాలనిపించింది. ఒకామె 148 సెంటీమీటర్లు, ఇంకొకామె 156. పెద్దవాళ్ల బరువు మారుతుంది, బీపీ పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి ఉంటుంది, ఎత్తు ఎనిమిది సెంటీమీటర్లు పెరగదు. ఫీల్డ్ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను.

‘వాళ్లా? తోడికోడళ్లక్కా. పెద్దాయన మునిస్వామి, చిన్నాయన మునిరత్నం. ఫోను పెద్దామె కొడుకుది, ఆ రెండిళ్లకీ అదొక్కటే ఉండాది.’

నా ప్రోగ్రాం ఇంత కష్టపడి తేల్చలేనిది అతను సంగటి తింటూ తేల్చేశాడు. అలాగే ఇంకో నాలుగు జతలు విడదీశాడు. ఒక్కటి మాత్రం నిజంగా ఒకే మనిషి. పల్లెలో ఒకసారి వెంకటేశ్వర్లుగా, తిరుపతిలో కొడుకింటికి వచ్చినప్పుడు బైరాగిపట్టెడలో వెంకటేశులుగా, రెండుచోట్లా చెయ్యి చాపి బీపీ చూపించుకున్నాడు. అడిగితే ‘మీరే కదమ్మా మూడునెల్లకోసారి చూపించుకోమన్నారు’ అన్నాడట. మొదటి విజిట్ ఉంచాలి, రెండోదాన్ని తీసెయ్యకుండా గుర్తు పెట్టాలి అని మా ప్లానులో ముందే రాసుకున్నాం కాబట్టి వాదన లేకపోయింది.

రెండు జతలు మిగిలాయి. ఒకావిడ కూలికి బెంగళూరు వెళ్లింది, ఇంకొకావిడ ఫోన్ ఎత్తడం లేదు. ‘తేలలేదు’ అన్న కోడ్ పెట్టి స్టాటిస్టీషియన్‌కి రాశాను, కలిపి ఒకసారి, విడదీసి ఒకసారి లెక్క చూడమని. ‘ఏదో ఒకటి అనుకుని క్లోజ్ చేసెయ్యొచ్చు కదా’ అని జవాబు వచ్చింది. చెయ్యలేనని రాశాను. లాక్ శుక్రవారానికి వాయిదా పడింది.