నెలవంక కనిపించేదాకా

దుబాయ్‌లో ఆహార సరుకుల గోడౌన్‌లో పనిచేసేవాళ్లకు ఏడాది జనవరిలో మొదలుకాదు. మా ఆర్డర్లు, ఖాళీ చేయాల్సిన వరసలు, ఓవర్‌టైమ్, ఎవరు ఎప్పుడు ఇంటికి వెళ్లగలరన్న లెక్క అన్నీ రంజాన్‌ను బట్టే ఖాయమవుతాయి. నాది సరుకు నిల్వలు చూసే ఉద్యోగం. జెబెల్ అలీ ఓడరేవులో దిగిన కంటైనర్ మా షట్టర్ ముందుకు వచ్చిన దగ్గర నుంచి ఆ కార్టన్లు సూపర్‌మార్కెట్ల అరల్లోకి చేరేదాకా ఏది ఎంత ఉంది, ఇంకెంత కావాలి, దేని గడువు దగ్గరపడుతోంది అన్నది నేనే చెప్పాలి. పండుగలతో వ్యాపారం పెరుగుతుందని అందరూ అంటారు. ఆ పెరుగుదల కోసం ఎన్ని తేదీలు కుదరాలో, ఎంతమంది తమ సెలవు వదులుకోవాలో గోడౌన్‌లో నిలబడితే తెలుస్తుంది.

ముందు తేదీల సంగతి. ఇస్లాం పంచాంగమైన హిజ్రీలో సంవత్సరానికి 354 లేదా 355 రోజులే. అందుకే రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది. మన పంచాంగమూ చాంద్రమానమే అయినా, ఇంచుమించు మూడేళ్లకోసారి అధిక మాసం వచ్చి పండుగలను మళ్లీ వాటి ఋతువుల్లోకి లాక్కొస్తుంది. హిజ్రీ లెక్కలో ఆ సర్దుబాటు లేదు. 2015లో జూన్ 18న మండుటెండల్లో మొదలైన రంజాన్ పదేళ్లు తిరిగేసరికి మార్చి 1కి వచ్చింది. కాబట్టి ‘పోయిన మార్చిలో ఎంత అమ్మాం?’ అన్న ప్రశ్న మా దగ్గర పనికిరాదు. ‘పోయిన రంజాన్‌కు మూడు వారాల ముందు ఎంత అమ్మాం?’ అని అడగాలి. కంప్యూటర్ నెలవారీగా ఇచ్చే పట్టికను పక్కనపెట్టి, పాత అమ్మకాలను రంజాన్ వారాల ప్రకారం మళ్లీ పేర్చుకుంటాం. ఆ పైన ఋతువునూ చూసుకోవాలి. జూన్‌లో ఉపవాసం సుమారు 15 గంటలు. చలికాలానికి దగ్గరయ్యే కొద్దీ ఆ నిడివి తగ్గుతుంది. ఎండాకాలపు రంజాన్‌లో పోయినన్ని మంచినీళ్లు, పండ్ల రసాలు చలికాలంలో పోవు. సముద్రం మీద వచ్చే సరుకును నెలల ముందే అడగాలి కాబట్టి, అంచనా తప్పితే దిద్దుకునే వ్యవధి ఉండదు.

ఈ నెల ఒక సరుకును ఎంతగా మార్చేస్తుందో చూడాలంటే విమ్టో సీసాను చూడాలి. ద్రాక్ష, రాస్ప్‌బెర్రీ, నల్లద్రాక్షను పోలిన బ్లాక్‌కరెంట్ పండ్ల రుచితో ఉండే ఈ చిక్కటి పానకం 1908లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో పుట్టింది. ఇప్పుడు గల్ఫ్‌లో అది లేని ఇఫ్తార్ బల్ల, అంటే సాయంత్రం ఉపవాసం విడిచే బల్ల, అరుదు. మామూలు రోజుల్లో అరలో ఒక మూలన కనిపించే సీసా, రంజాన్‌కు ముందు సూపర్‌మార్కెట్ ద్వారం దగ్గరే గుట్టలుగా పేరుకుంటుంది. ఖర్జూరాలు, ఓట్స్, సమోసా పట్టీలు, సేమియా, క్రీమ్ డబ్బాల పరిస్థితీ అదే. ద్వారం దగ్గర ఆ చోటు కోసం కంపెనీల మధ్య ఎంత పోటీ ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. దుకాణాలు ఆ చోటుకు అద్దె తీసుకుంటాయి. మంచి మూల దొరకలేదంటే సేల్స్ కుర్రాడి ముఖంలో కళ ఉండదు.

నిత్యావసరాల్లో పెద్ద లాభం చూసుకునే వీలు లేదు. వంటనూనె, గుడ్లు, పాల ఉత్పత్తులు, బియ్యం, పంచదార, కోడిమాంసం, పప్పులు, రొట్టె, గోధుమలు, ఈ తొమ్మిదింటి ధర పెంచాలంటే యూఏఈ ఆర్థిక మంత్రిత్వ శాఖ అనుమతి ఉండాలి. ఇది చాలా మంచి నిబంధన అని నా అభిప్రాయం. పండుగ నెలలో పేదవాడి పళ్లెం మీద లాభం తీయకూడదు. అందువల్ల వ్యాపారులు కానుకల పెట్టెలు, చాక్లెట్లు, మిఠాయిల వైపు చూస్తారు. వాటిలో లాభం ఎక్కువే, భయమూ ఎక్కువే. పెట్టె మీద నెలవంక, లాంతరు బొమ్మలు అచ్చువేశాక ఈద్ మర్నాడు దాన్ని ఎవరూ ముట్టుకోరు. లోపలి సరుకుకు ఇంకా ఆరు నెలల గడువున్నా సరే, అమ్ముడుపోనిది దుకాణం నుంచి తిరిగి మా షట్టర్ దగ్గరికే వస్తుంది. అందుకే బొమ్మ ఉన్న పెట్టెలు తక్కువగా, సాదా పెట్టె మీద తొడిగే కాగితపు పట్టీలు ఎక్కువగా తెప్పించమని నేను ఎప్పుడూ చెబుతాను. పండుగ అయిపోయాక పట్టీ తీసేస్తే ఆ సరుకు మళ్లీ మామూలు సరుకే.

ఇక మనుషుల సంగతి. రంజాన్ నెలలో ప్రైవేటు ఉద్యోగులందరికీ, ఉపవాసం ఉన్నా లేకున్నా, రోజుకు రెండు గంటల పని తగ్గుతుంది. ఇది చట్టం ఇచ్చిన హక్కు. కానీ ఆ నెలలో లారీలెక్కే కార్టన్లు తగ్గవు సరికదా, ఎన్నో రెట్లు పెరుగుతాయి. మధ్యాహ్నం మూడు దాటిందంటే గోడౌన్‌లో మాటలు తగ్గిపోతాయి. ఉపవాసం ఉన్న లోడర్లు నాలుక తడారిపోయి సైగలతో పని నడిపిస్తారు. వాళ్ల ముందు నీళ్లు తాగడానికి మనకే మనసు రాదు. డ్రైవర్లు సూర్యాస్తమయానికి ముందే ఆఖరి దుకాణంలో సరుకు దింపేయాలని తొందరపడతారు. రోడ్ల మీద అందరిదీ అదే తొందర. ఆ గంటలో సిగ్నళ్ల దగ్గర స్వచ్ఛంద సేవకులు ఖర్జూరాలు, నీళ్ల సీసా ఉన్న చిన్న పొట్లాలను కార్ల కిటికీల్లోంచి అందిస్తుంటారు, ఇంటికి చేరాలన్న ఆత్రంలో ఎవరూ వేగంగా నడపకూడదని. బైకుల మీద భోజనాలు చేరవేసే కుర్రాళ్లకు మాత్రం అది రోజు మొత్తంలో అన్నిటికన్నా రద్దీ సమయం. పదిమంది ఇళ్లకు ఇఫ్తార్ చేర్చేవాడు తన ఇఫ్తార్‌ను ఏ ఫుట్‌పాత్ మీదో ముగించడం నేను ఎన్నోసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

ఆ నెలంతా ఒక ఎత్తు, 29వ రోజు సాయంత్రం ఒక ఎత్తు. సూర్యాస్తమయం వేళ చేసే మగ్రిబ్ నమాజ్ తర్వాత నెలవంక పరిశీలన కమిటీ సమావేశమవుతుంది. నెలవంక కనిపిస్తే రేపే ఈద్. లేకపోతే ఇంకో ఉపవాసం, ఎల్లుండి ఈద్. ఇంత పెద్ద వ్యాపార నగరం మొత్తం ఆ ఒక్క ప్రకటన కోసం ఎదురుచూస్తుంది. నా బల్ల మీద రెండు డ్యూటీ పట్టికలు, రెండు సరుకు జాబితాలు సిద్ధంగా ఉంటాయి. రేపే ఈద్ అయితే పాలు, కోడిమాంసం, మిఠాయిలు ఈ రాత్రికే దుకాణాలకు చేరాలి. క్షౌరశాలలు, దర్జీ దుకాణాలు, సూపర్‌మార్కెట్లు అర్ధరాత్రి దాటినా కిటకిటలాడుతుంటాయి. ఎల్లుండి అయితే అదే సరుకు ఇంకో రోజు శీతల గదిలో ఉండాలి, తెల్లవారకముందు తినే సుహూర్‌కు కావాల్సిన పెరుగు, రొట్టె మరోసారి పంపాలి. లారీలు తలుపులు తెరుచుకుని నిలబడి ఉంటాయి. డ్రైవర్లు ఇంజన్లు ఆపి ఫోన్లు చూస్తుంటారు.

అలాంటి ఒక సాయంత్రం, మా ఫోర్క్‌లిఫ్ట్ నడిపే హైదరాబాద్ తమ్ముడు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“అన్నా, చాంద్ కనిపిస్తే రేపు పొద్దున నమాజుకు నేను ఉండాలి కదా. ఏ పట్టికలో నా పేరు రాశారు?”

“రెండింట్లోనూ నీకు సెలవే రాశాను. నీ షిఫ్టు మేం చూసుకుంటాం.”

“మరి మీ దసరాకు నేను ఉంటా. ఇప్పుడే రాసుకోండి.”

రాసుకున్నాను. ఇలాంటి ఒప్పందాలు ఇక్కడ దాదాపు ప్రతి గోడౌన్‌లోనూ నడుస్తుంటాయి. ఈద్‌కు హిందువులు, క్రైస్తవులు డ్యూటీ చేస్తారు. దీపావళికి, క్రిస్మస్‌కు ముస్లిం సోదరులు చేస్తారు. ఏ కంపెనీ నియమావళిలోనూ లేని ఈ ఏర్పాటు మీదే పండుగ వ్యాపారంలో సగం నడుస్తోందంటే అతిశయోక్తి కాదు. ఎందుకంటే సంక్రాంతికి గానీ దసరాకు గానీ దీపావళికి గానీ ఇక్కడ అధికారిక సెలవు లేదు. డిసెంబరు 25 కూడా పనిదినమే. 2025లో మాత్రం మాకో అపురూపమైన రోజు దొరికింది. మార్చి 29 రాత్రి నెలవంక కనిపించడంతో 30న ఈద్ వచ్చింది. విశ్వావసు నామ సంవత్సర ఉగాదీ ఆ రోజే. ఎవరినీ బతిమాలకుండా, ఎవరితోనూ షిఫ్టు మార్చుకోకుండా ఉగాది నాడు ఇంట్లో ఉన్న తెలుగువాళ్లు ఆ రోజు దుబాయ్‌లో ఎంతోమంది. అమావాస్య వెళ్లాక మొదలయ్యే మన చైత్రం, హిజ్రీ షవ్వాల్ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అధిక మాసం రాగానే మళ్లీ విడిపోవాల్సిందే.

సెలవు లేకపోయినా, వ్యాపారం మాత్రం అందరి పండుగలనూ తన పండుగలే అనుకుంటుంది. ఇది నాకు నచ్చే విషయం కూడా. ఓణానికి సూపర్‌మార్కెట్లలో అరటాకులు, ఇరవై రకాలకు పైగా వంటకాలతో సద్య భోజనం పొట్లాలు కనిపిస్తాయి. ధనత్రయోదశికి దేరా గోల్డ్ సూక్‌లో, బర్ దుబాయ్ మీనా బజార్‌లో కాలు పెట్టే చోటుండదు. 1996లో మొదలైన దుబాయ్ షాపింగ్ ఫెస్టివల్, రెండేళ్ల తర్వాత వచ్చిన సమ్మర్ సర్‌ప్రైజెస్ లాంటివైతే ఏ మతానికీ చెందనివి. జనం ఊరు విడిచి వెళ్లే ఎండల్లో సైతం కొనుగోళ్లు జరగాలని నగరమే కల్పించుకున్న పండుగలవి. డిసెంబరు 2న జాతీయ దినోత్సవం, నవంబరు చివర్లో ఆన్‌లైన్ దుకాణాల తగ్గింపు ధరలు. ఏడాదిలో సందడి లేని నెల వెతికినా దొరకదు.

బంగారు దుకాణంలో ధనత్రయోదశి నాడు అర్ధరాత్రిదాకా నవ్వుతూ నగలు చూపించే అమ్మాయిదీ ఆ పండుగే. ఆమె ఇంట్లో దీపం పెట్టే వేళ దాటిపోయి ఉంటుంది. ఆ అమ్మాయి పనిచేయకూడదని నేను అనను. రద్దీ ఉన్న రోజున మనుషులు కావాలి. కానీ ఆమె పండుగ ఏదో యాజమాన్యం ముందుగా అడిగిందా, బదులుగా ఇంకో రోజు ఇస్తానందా అన్నదే నా ప్రశ్న.

ఈద్ లాంటి అధికారిక సెలవుల విషయంలోనైతే చట్టం స్పష్టంగానే ఉంది. ఆ రోజున పని చేయిస్తే బదులుగా మరో రోజు సెలవివ్వాలి. లేదా ఆ రోజు వేతనంతో పాటు, ఆ రోజు మూల వేతనంలో 50 శాతానికి తగ్గకుండా అదనంగా చెల్లించాలి. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం చెప్పే మాట ఇది. నేను మొదట పనిచేసిన కంపెనీలో ఈద్ మూడు రోజులూ లోడింగ్ చేయించుకుని, ‘సీజన్ కదా, అందరం సర్దుకోవాలి’ అన్నారు. బదులు సెలవూ ఇవ్వలేదు, డబ్బూ ఇవ్వలేదు. సీజన్ అయ్యాక ఆ గోడౌన్ నుంచి పని తెలిసిన లోడర్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మరుసటి రంజాన్‌కు అందరూ కొత్తవాళ్లు. ఏ వరసలో ఏముందో తెలియక, ముందు గడువు ముగిసే సరుకు వెనకే ఉండిపోయి, తర్వాత వచ్చింది ముందు వెళ్లిపోయింది. సెలవు సొమ్ములో మిగిల్చుకున్నదానికంటే పారేసిన సరుకు విలువే ఎక్కువైంది.

ఇప్పుడున్న చోట మేనేజర్‌ను ఒప్పించి ఒక పని చేయించాను. రంజాన్ సరుకు ప్రణాళిక వేసే రోజే సెలవుల చార్టూ వేస్తాం. ఒకే కాగితం మీద ఎడమవైపు కంటైనర్లు, కుడివైపు మనుషుల పేర్లు. ప్రతి పేరు ఎదుట ఆ మనిషి తన సొంత పండుగ ఏదో రాసుకుంటాడు. నేపాలీ సోదరుడు వాళ్ల దసరా అయిన దశైన్ అని, ఫిలిప్పీన్స్ వాడు క్రిస్మస్ అని, మా కోనసీమ పెద్దాయన సంక్రాంతి అని రాశారు. ముందుగా తెలిస్తే ధరలు పెరగకముందే విమానం టికెట్టు తీసుకోవచ్చు. ఈద్ సెలవుల దగ్గర కొనాలంటే జీతంలో ఎంత పోతుందో ఇక్కడివాళ్లందరికీ తెలుసు. పేరు రాసుకున్నవాడు సీజన్‌లో రాత్రి రెండింటిదాకా నిలబడడానికి వెనకాడడు. తన వంతు వస్తుందని అతనికి నమ్మకం ఉంటుంది.

ఇప్పుడు మేనేజర్‌తో నాకున్న వాదన 2030 గురించి. ఆ ఏడాది రంజాన్ రెండుసార్లు మొదలవుతుంది, జనవరి మొదటి వారంలో ఒకసారి, డిసెంబరు చివర్లో మరోసారి. మా సెలవుల లెక్క జనవరి నుంచి డిసెంబరు దాకా. రంజాన్‌కు ముందు నెలన్నర, రంజాన్ నెలంతా ఎవరికీ సెలవు ఇవ్వకూడదన్న మా అలవాటే కొనసాగితే, ఏడాది మొదటా చివరా రెండూ మూసుకుపోతాయి. చట్టం ప్రకారం రావాల్సిన 30 రోజుల వార్షిక సెలవును అందరూ మధ్యలోనే వాడుకోవాలి. సంక్రాంతి, క్రిస్మస్ రెండూ ఆ మూసిన రోజుల్లోనే పడతాయి. అది దూరం కదా అంటాడు ఆయన. కంటైనర్‌ను నెలల ముందు అడుగుతున్నప్పుడు మనిషి సెలవును ఏడాదుల ముందు అడిగితే తప్పేమిటని నేను. ఆ ఏటికి తాత్కాలికంగా నలుగురు లోడర్లను తీసుకుంటే ఎంత ఖర్చవుతుందో లెక్క వేసి పట్టుకురమ్మన్నాడు. వేస్తున్నాను.