రంగు కింద పని, రంగు మీద మైనం

పాత చెక్క సామాను చేతికి రాగానే ఏ రంగు వేద్దామా అన్న ఆలోచనే ముందుగా వస్తుంది. మొదట్లో నేనూ రంగుల నమూనాలు ముందు పరుచుకుని రోజుల తరబడి కూర్చునేదాన్ని. కొన్నేళ్ళుగా కుర్చీలు, బల్లలు, అలమరలు, అద్దాల చట్రాలు ఒకదాని తరవాత ఒకటి చేసుకుంటూ వచ్చాక నా అభిప్రాయం మారింది. ఒక సామాను ఏళ్ళపాటు చక్కగా నిలవడం, లేదా ఆరు నెలలకే పెచ్చులూడడం, రంగుకి ముందు చెక్క మీద మనం ఎంత పని చేశాం, రంగు ఆరాక దాని మీద ఏ రక్షణ పెట్టాం అన్న రెండు విషయాల మీదే ఆధారపడి ఉంటుందని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

ఈ సంగతి నాకు నేర్పింది నాలుగు సొరుగులున్న ఒక బల్ల. ఎర్రటి ఛాయ ఉన్న ముదురు చెక్కతో చేసింది, పైన నల్లబడిన పాత వార్నిష్ ఉండేది. తడిగుడ్డతో దుమ్ము తుడిచేసి, మీగడ రంగు రెండు పూతలు వేసి, ఆ రాత్రి ఎంతో తృప్తిగా నిద్రపోయాను. తెల్లవారి చూసేసరికి పైపలక నిండా గులాబీ, గోధుమ రంగు మరకలు తేలి ఉన్నాయి. రంగు పలచగా పడిందేమో అనుకుని మూడో పూత వేశాను. అది ఆరుతుండగానే మరకలు మళ్ళీ అదే చోట, అదే ఆకారంలో కనిపించాయి. నాలుగో పూత కూడా వృథా అయ్యాక గాని కారణం వెతకాలన్న ఆలోచన నాకు రాలేదు.

కారణం చెక్కలోనే ఉంది. మహాగని, ఓక్ వంటి చెక్కల్లో టానిన్లు అనే పదార్థాలు ఎక్కువగా ఉంటాయి, అవి నీటిలో కరుగుతాయి. నీళ్ళు కలిసిన రంగు పూసినప్పుడు ఆ తడి చెక్కలోకి దిగి, టానిన్లను కరిగించుకుని, ఆరుతూ పైకి లాక్కొస్తుంది. కాబట్టి నీటి రంగు ఎన్ని పూతలు వేస్తే అన్నిసార్లు వాటిని పైకి రప్పిస్తున్నట్టే లెక్క. పాత చెక్కకి ఎర్రదనం కోసం పట్టించిన రంగుద్రవాలు కూడా సరిగ్గా ఇలాగే పైకి ఊరుతాయి. ఈ దారిని మూయడానికి నాకు తెలిసిన నమ్మకమైన మార్గం షెల్లాక్. లక్క పురుగులు చెట్టు కొమ్మల మీద స్రవించే జిగురుని శుద్ధి చేసి, ఆల్కహాల్‌లో కరిగించి తయారుచేసే పూత అది. అందులో నీరు ఉండదు గనక టానిన్లు కరగవు. పైగా అది అరగంట, ముప్పావుగంటలో ఆరిపోతుంది. రెండు పలచని పూతలు వేస్తే ఆ తరవాత ఏ లేతరంగైనా నిశ్చింతగా వేసుకోవచ్చు. రంగు కింద వేసేటప్పుడు మైనం తీసేసిన షెల్లాక్ వాడడం మంచిది, దాని మీద తరవాతి పూతలు గట్టిగా పట్టుకుంటాయి. ఏళ్ళ తరబడి మూసి ఉన్న సొరుగుల లోపలి ముక్కవాసనని కూడా ఇదే షెల్లాక్ అణచివేస్తుంది. సొరుగు లోపల, అడుగుపలకకి, వెనకవైపుకి కూడా పూయాలి, అది మరిచిపోకండి.

పాత సామాను మీద ఇప్పటికే ఉన్న పూత ఏమిటో తెలుసుకోవడం కూడా అవసరం. కంటికి కనిపించని మూల ఒకటి చూసుకుని, దూదిని ఆల్కహాల్‌లో ముంచి కొన్ని క్షణాలు అద్ది ఉంచాలి. పూత మెత్తబడి జిగటగా అయితే అది షెల్లాక్. దానికి చలించకుండా లాకర్ థిన్నర్‌కి కరిగితే అది లాకర్ అనే మరో రకం మెరుపు పూత. రెంటికీ లొంగకపోతే వార్నిష్ గాని, పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌లాంటి గట్టి పూత గాని అయివుంటుంది. అంతకుముందే ఎవరో రంగు వేసిన సామాను అయితే మరో జాగ్రత్త తప్పనిసరి. వెనకటి రంగుల్లో సీసం కలిపేవారు. ఇళ్ళలో వాడే రంగుల్లో సీసాన్ని అమెరికాలో 1978లో నిషేధించారు. భారతదేశంలో సీసం పరిమితిని 90 పీపీఎంగా, అంటే పది లక్షల పాళ్ళకి 90 పాళ్ళుగా, నిర్ణయిస్తూ నిబంధనలు వెలువడింది 2016లోనే. అందువల్ల వయసు తెలియని రంగుని పొడిగా రుద్ది ఆ ధూళి పీల్చడం ప్రమాదం. పిల్లలున్న ఇంట్లో అయితే ఆ పని అసలే చేయకూడదు. సీసం ఉందో లేదో చూసే పరీక్ష ముందే చేసుకోవాలి. అనుమానం తీరకపోతే ఆ సామాను జోలికి వెళ్ళకపోవడమే నా పద్ధతి.

ఇక శుభ్రం చేయడం. చేతులు తగిలే చోట్ల, ముఖ్యంగా సొరుగుల పిడుల చుట్టూ, కుర్చీ వీపు అంచున, జిడ్డు పొరలా పేరుకుని ఉంటుంది. జిడ్డు వదిలించే ద్రావణంతో రెండుసార్లు కడిగి, మంచినీళ్ళతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. మెరుపు కోసం తుడిచే కొన్ని పాలిష్‌లలో సిలికోన్ ఉంటుంది. అది మిగిలి ఉంటే రంగు వేయగానే అక్కడక్కడా చేపకళ్ళలాంటి గుండ్రటి ఖాళీలు ఏర్పడతాయి. శుభ్రం చేశాకే ఉప్పుకాగితం పట్టాలి, ముందే రుద్దితే ఆ జిడ్డు చెక్కలోకి ఇంకిపోతుంది. 150 నంబరుతో మొదలుపెట్టి 220తో ముగిస్తే చాలు. పాత పూతని పూర్తిగా తీసేయనక్కరలేదు, దాని నునుపు పోయి కాస్త గరుకు వస్తే కొత్త పూతకి పట్టు దొరుకుతుంది. పైన అతికించిన పలచని చెక్కపొర, అంటే వెనీర్, అంచున లేచి ఉంటే దాన్ని పీకేయవద్దు. పాతకాలపు జంతు జిగురు వేడికీ తడికీ మెత్తబడుతుంది గనక, తడిగుడ్డ పరిచి గోరువెచ్చని ఇస్త్రీపెట్టె ఆనించి, ఆపైన బరువు పెడితే చాలాసార్లు అది మళ్ళీ అతుక్కుంటుంది. గుంటల్లో లప్పం నింపేటప్పుడు కాస్త ఎత్తుగా పెట్టాలి, ఆరేటప్పుడు అది కుంచించుకుపోతుంది.

ఇక రంగు. సుద్దలా మెరుపు లేకుండా ఆరే చాక్ పెయింట్ విషయానికొస్తే, ఆ పేరుతో ఈ రంగుని 1990లో రూపొందించింది బ్రిటన్‌కి చెందిన అనీ స్లోన్. ఆ పేరు ఆమె సంస్థ వాణిజ్య చిహ్నం. అదే తరహా రంగులు ఇప్పుడు చాలామంది తయారుచేస్తున్నారు. సామానుకి రంగు వేయడం మాత్రం అంతకంటే చాలా పాతది. స్వీడన్‌లో మూడో గుస్తావ్ రాజు పాలించిన 1771-1792 కాలం నుంచి వచ్చిన శైలిలో కుర్చీలకీ బల్లలకీ లేత బూడిద, తెలుపు రంగులు వేసేవారు. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తుకి సున్నం, రంగుమట్టి కలిపి చేసే పాల రంగు ఇంకా ప్రాచీనం. ఏ పూతా లేని చెక్కలోకి పాల రంగు ఇంకిపోయి ఊడకుండా నిలుస్తుంది, నున్నటి పాత వార్నిష్ మీద మాత్రం పెచ్చులుగా లేస్తుంది. ఆ పెచ్చులే కావాలనుకునేవాళ్ళకి అది వరం.

చాక్ పెయింట్ అంత మట్టిగా, మెరుపు లేకుండా ఎందుకు కనిపిస్తుందో తెలిస్తే, మైనం ఎందుకు కావాలో కూడా అర్థమవుతుంది. మామూలు రంగులో పొడికణాలను పూర్తిగా ముంచెత్తేంత బంధక ద్రవం ఉంటుంది. అది ఆరాక పైన నున్నటి పొరలా మిగులుతుంది. చాక్ పెయింట్‌లో సుద్దలాంటి పొడిపాళ్ళు ఎక్కువ, బంధకం తక్కువ. కణాల మధ్య సన్నని ఖాళీలు మిగిలిపోయి పైభాగం గరుకుగా ఉంటుంది, అందుకే వెలుతురు అన్ని దిక్కులకీ చెదిరి మెరుపు కనిపించదు. ఆ ఖాళీలే నీటి చుక్కనీ, నూనె చేతినీ, ధూళినీ కూడా పీల్చుకుంటాయి. రక్షణ లేని చాక్ పెయింట్ మీద తడి పాత్ర పెడితే మచ్చ పడడానికి నిమిషాలు చాలు.

ఇంట్లో కలుపుకోవాలంటే మూడు పాళ్ళ మాట్ ఎమల్షన్ రంగుకి ఒక పాలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నేను పాటించే కొలత. పొడిని ముందు కాసిని నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, వడకట్టి, ఆ తరవాతే రంగులో పోయాలి. ప్లాస్టర్ గట్టిపడే గుణం ఉన్న పదార్థం గనక ఆ పూటకి కావలసినంతే కలుపుకోవాలి. నిలవ ఉంచుకోవాలంటే దానికి బదులు కాల్షియం కార్బొనేట్ పొడి కలపడం మేలు, అది గట్టిపడదు. పూతలు పలచగా వేయాలి. రెండో పూతకి రంగులో కొద్దిగా నీళ్ళు చేర్చి, కుంచెని ఒకే దిశలో నడిపితే గీతలు తక్కువగా పడతాయి. పూతకీ పూతకీ మధ్య 320 నంబరు కాగితంతో తేలిగ్గా ఒక్కసారి తడిమితే చేతికి తెలిసే మృదుత్వం వస్తుంది.

అరుగుదల కనిపించేలా అంచులు రుద్దే పద్ధతిలో నాకు ఖచ్చితమైన ఇష్టాయిష్టాలు ఉన్నాయి. సామాను నిజంగా ఎక్కడ అరుగుతుందో అక్కడే రంగు పోవాలి. సొరుగు అంచులు, పిడి చుట్టూ వేళ్ళు తగిలే భాగం, కాళ్ళ కింది కొసలు, పలక మూలలు అలా అరుగుతాయి. ఎవరూ ముట్టుకోని పలక మధ్యలో ఉప్పుకాగితంతో గీతలు పెడితే అది పాతదనంలా ఉండదు, పాడుచేసినట్టు ఉంటుంది. రెండు రంగులు కనిపించాలంటే కింద రంగు ఆరాక అంచుల వెంట మామూలు కొవ్వొత్తిని రుద్ది, ఆపైన రెండో రంగు వేయాలి. మైనం ఉన్న చోట రెండో రంగు అతుక్కోదు, ఆరాక గుడ్డతో రుద్దితే తనంతట తానే వదిలి కింది రంగు బయటపడుతుంది. రెండు పూతల మధ్య జిగురు పూసి పగుళ్ళు తెప్పించే పద్ధతి కూడా ఉంది, నేను దాన్ని చిన్న చట్రాలకే పరిమితం చేస్తాను.

అన్నిటికీ రంగు అవసరమని నేను అనను. మంచి చేవ ఉన్న చెక్క, చక్కటి చారలు, చెడిపోని పాలిష్ ఉంటే శుభ్రం చేసి, పలచగా మైనం పట్టించి వదిలేయాలి. గీతలు పడి, మరకలు మిగిలి, తలోరకం చెక్కలతో అతికించిన సామానుకే రంగు నిజమైన ఉపకారం చేస్తుంది.

ఇప్పుడు మైనం. సామాను మైనంలో సాధారణంగా తేనెమైనం, కార్నౌబా మైనం, వాటిని మెత్తగా ఉంచే టర్పెంటైన్ లాంటి ద్రావకం ఉంటాయి. తేనెమైనం 62-64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, చేతికి మృదువుగా ఉంటుంది. బ్రెజిల్‌లో పెరిగే ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా 82 డిగ్రీలు దాటితే గాని కరగదు, అది పూతకి గట్టిదనం ఇస్తుంది. మైనాన్ని గుడ్డతోగాని, పొట్టి కుంచెతోగాని కొద్దికొద్దిగా తీసుకుని రంగులోకి రుద్దాలి. మైనం చాక్ పెయింట్‌లోని సన్నని ఖాళీల్లోకి దిగినకొద్దీ రంగు ఒక మెట్టు ముదురుతుంది. పొడి రాయి మీద నీళ్ళు పోసినప్పుడు దాని రంగు తేలినట్టే ఇక్కడా జరుగుతుంది. అద్దిన వెంటనే శుభ్రమైన గుడ్డతో మిగులు మైనాన్ని తుడిచేయాలి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే ఎక్కువమంది సామాన్లు జిగటగా మిగిలిపోతాయి. వేలు ఆనిస్తే అచ్చు పడకూడదు, అదే కొలత. ఒక రోజు గడిచాక మెత్తటి గుడ్డతో మెరుగు పెట్టి, రెండో పలచని పూత వేసుకోవచ్చు. చేతికి ఆరినట్టు తెలిసినా పూర్తిగా గట్టిపడడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. ఆ కాలంలో దాని మీద బరువులు పెట్టకూడదు, తడిగుడ్డ కూడా తగలనివ్వకూడదు.

చెక్కడపు పనిలో లోతులు తేలడానికి వాడే ముదురు మైనం దగ్గర చాలా జాగ్రత్త కావాలి. దాన్ని నేరుగా చాక్ పెయింట్ మీద రాస్తే ఖాళీల్లోకి దిగి మరకగా శాశ్వతంగా ఉండిపోతుంది. ముందు రంగులేని మైనం ఒక పూత పట్టించి, అది ఉండగా ముదురు మైనాన్ని లోతుల్లోకి నింపాలి. ఎక్కువైన చోట మళ్ళీ రంగులేని మైనం కొద్దిగా గుడ్డకి తీసుకుని రుద్దితే అందులోని ద్రావకం ఆ ముదురు పొరని కరిగించి తీసేస్తుంది. నా సొరుగుల బల్ల పిడుల చుట్టూ ఉన్న పువ్వుల చెక్కడాన్ని ఇలా రెండు గంటలు కూర్చుని సరిచేశాను. ఇప్పటికీ ఆ బల్లలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం అదే.

మైనానికి పరిమితులు ఉన్నాయి. వేడి పాత్ర ఆనితే మెత్తబడుతుంది, ఆల్కహాల్‌కీ నిలవ నీటికీ తట్టుకోదు. అందువల్ల భోజనాల బల్ల పైపలక, స్నానాల గది అలమర వంటి వాటికి నీటితో పలచబరిచే పాలీయురేథేన్ పూత వాడతాను. నూనె ఆధారిత పూత తెల్లటి రంగుని కాలక్రమంలో పసుపుగా మారుస్తుంది. మైనమా, పాలీయురేథేనా అన్నది ముందే నిర్ణయించుకోవాలి, ఎందుకంటే మైనం పట్టించిన మీద వార్నిష్ అతుక్కోదు, మనసు మార్చుకుంటే టర్పెంటైన్‌తో మొత్తం కడిగేయాలి. అవిసెనూనె వంటి ఆరే నూనె కలిసిన మైనం వాడితే ఆ గుడ్డలను ఉండచుట్టి పారేయకండి. ఆ నూనె గాలిలో ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ఉండలా చుట్టిన గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. గుడ్డల్ని విడివిడిగా పరిచి ఆరవేసి, పూర్తిగా గట్టిపడ్డాకే పారేయాలి.

ఆ నాలుగు సొరుగుల బల్లని చివరికి మొదటి నుంచీ చేశాను. నాలుగు పూతల మీగడ రంగునీ రుద్ది తీసి, షెల్లాక్ రెండు పూతలు వేసి, దాని మీద బూడిదరంగు కలిసిన నీలం రెండు పూతలు, ఆపైన మైనం రెండు పూతలు పట్టించాను. ఒక్క మరకా మళ్ళీ పైకి రాలేదు. ఏడాదికొకసారి, ఎక్కువగా చేతులు తగిలే పై సొరుగు అంచులకి మాత్రమే మైనం పలచగా మళ్ళీ రుద్దుతాను. అప్పుడే సొరుగులన్నీ బయటికి తీసి, అవి జారే చెక్కపట్టీల మీద కొవ్వొత్తి ముక్కని అటూ ఇటూ రుద్ది లోపలికి తోస్తే, తడివాతావరణంలో బిగుసుకుపోయే మూడో సొరుగు కూడా ఒక్క వేలితో మూసుకుంటుంది.