మా హాల్లో టేకు నేల ఎందుకు లేచింది

ఆగస్టులో మూడు వారాలు హైదరాబాదులో పిల్లల దగ్గర ఉండి వచ్చి, విశాఖపట్నం పెదవాల్తేరులో మా ఇంటి తాళం తీస్తే తలుపు సగంలో ఆగిపోయింది. భుజంతో తోసుకుని లోపలికెళ్ళాను. హాలు మధ్యలో చెక్క నేల పొలం గట్టులా లేచి ఉంది, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, కిందకి చెయ్యి దూరేంత ఎత్తున. వేయించి మూడు నెలలే అయింది. అక్కడే కూర్చుండిపోయాను.

అది కొట్టులో కొన్న చెక్క కాదు. విజయనగరం దగ్గర మా నాన్నగారు పుట్టిన మండువా ఇల్లు పడగొట్టినప్పుడు టేకు దూలాలు అమ్మనివ్వకుండా తెచ్చుకున్నాం. సామిల్లులో కోయించి, కిల్న్‌లో, అంటే చెక్క ఆరబెట్టే వేడి గదిలో, ఎండబెట్టించి, చిత్రిక పట్టించి 90 మిల్లీమీటర్ల వెడల్పు పలకలు చేయించాను. మే నెలాఖరులో నాన్నగారి సంవత్సరీకం, ఆ లోపు అయిపోవాలని తొందరపెట్టింది నేనే. పాత టైల్స్ తీసేసి ఏప్రిల్ నెలాఖరున రెండంగుళాల సిమెంటు చదును చేశారు, మే మూడో వారంలో దాని మీద ప్లైవుడ్ పరిచి పలకలు కొట్టేశారు. పలకలు ఇంటికొచ్చిన రెండో రోజే పని మొదలైంది. "వందేళ్ళ చెక్క, తాగాల్సిన నీళ్ళన్నీ ఎప్పుడో తాగేసిందమ్మా, ఇంక కదలదు" అన్నాడు పని చేయించినాయన. నేనూ అదే నమ్మాను. అది తప్పని తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ఫోన్ చేస్తే ముందు తడిగుడ్డ ఎక్కువ పెట్టుంటారన్నాడు. ఇంటికి తాళం ఉందని చెప్పాక, మిషన్ పెట్టి గీసేస్తే సమంగా అయిపోతుందన్నాడు. ఆ మాట నాకు నచ్చక, మా ఇంటి తలుపులు బిగించిన పాత వడ్రంగి మేస్త్రి గారిని పిలిచాను. ఆయన లేచిన చోటు వంక చూడనేలేదు. "ముందు గోడవార చూద్దామమ్మా" అని గోడ అడుగున నేల అంచు మీద కొట్టే పట్టీ, స్కర్టింగ్, ఊడదీశారు. పలక గోడకి ఎంత బిగిసిపోయిందంటే బ్లేడు కూడా దూరలేదు. "ఖాళీ ఏదమ్మా? వానాకాలంలో మీ తలుపు బిగుసుకోదా? హుద్‌హుద్ తుఫాను అయ్యాక ఎన్ని ఇళ్ళల్లో తలుపులు గీశానో నాకు తెలుసు. ఇదీ అదే చెక్క."

చెక్క పాతదైనా కొత్తదైనా, బతికున్నంత కాలం కాదు, చెక్కగా ఉన్నంత కాలం చుట్టూ ఉన్న గాలిలో తేమని బట్టి నీటిని పీల్చి వదులుతూనే ఉంటుంది. పొడవునా దాదాపు మారదు, వెడల్పున మారుతుంది. అందుకే ఆ గట్టు సరిగ్గా పలకల పొడవు వెంటే లేచింది. కిల్న్ నుంచి వచ్చినప్పుడు మా పలకల్లో తేమ 8 శాతం. సముద్రం పక్కన, ఏసీ లేని హాల్లో, వానాకాలంలో అది 13, 14 దాకా వెళ్తుంది. ఒక్కో పలక అర మిల్లీమీటరే పెరిగిందనుకోండి, పన్నెండు అడుగుల హాలుకి నలభై పలకలు, అంటే 20 మిల్లీమీటర్లు. అటూ ఇటూ గోడలు, పక్కకి చోటు లేదు, ఇక పైకే. మేకుల్ని కూడా పీక్కుని లేచింది.

రెండో సంగతి పలకలు తీస్తుంటే బయటపడింది. గట్టుకి దూరంగా ఉన్న పలకలు కూడా అంచులు పైకి లేచి దోనెల్లా ఉన్నాయి. తేమ కొలిచే మీటరు పెడితే పైన 11 శాతం, అడుగున 16. ప్లైవుడ్ తిరగేస్తే నల్లటి బూజు. అంటే తేమ గాలి నుంచే కాదు, కింద సిమెంటు నుంచి కూడా వస్తోంది. అంగుళం మందానికి కనీసం నెల ఆరనివ్వాలని మేస్త్రి గారు చెప్పారు, మాది రెండంగుళాలు, ఇచ్చింది మూడు వారాలు. రెండడుగుల పాలిథీన్ ముక్కని నాలుగు వైపులా టేపుతో నేలకి అతికించి మర్నాడు చూశాం, లోపలి వైపు చెమట పట్టినట్టు నీటి బొట్లు. ఈ ఒక్క పరీక్ష మే నెలలో చేసి ఉంటే! ఖర్చేమీ లేదు, ఒక్క రోజు పని.

దోనెలా వంగిన పలకల్ని అప్పుడే మిషన్‌తో గీయించకపోవడం మాత్రం మంచిదైంది. గీస్తే లేచిన అంచులు అరిగిపోతాయి, తర్వాత అడుగున తడి ఆరి పలక తిన్నగా అయ్యేసరికి అంచులు పల్లమై మధ్యలో ఉబ్బుగా కనిపిస్తుంది. ఎవరైనా వెంటనే పాలిష్ పట్టేద్దామంటే దయచేసి ఆపండి.

పలకలన్నీ తీసి, మధ్యలో సన్న బద్దలు పెట్టి హాల్లోనే పేర్చాం. సిమెంటు ఆరడానికి జనవరి దాకా ఆగాం. ప్రతి ఆదివారం మీటరు పెట్టి కాగితం మీద రాసేదాన్ని, పలకలు 12 దగ్గర వరసగా మూడు వారాలు నిలిచాకే మేస్త్రి గారు సుత్తి పట్టుకున్నారు. పాలిథీన్ పరీక్షలో ఈసారి చుక్క నీరు లేదు. అయినా 200 మైక్రాన్ల షీటు అతుకుల దగ్గర జానెడు మీదికి వచ్చేలా పరిచి టేపు వేసి, కొత్త ప్లైవుడ్ కొట్టి, గోడవార చుట్టూ 15 మిల్లీమీటర్లు వదిలారు. పక్క పలక గాడిలోకి దూరే అంచు నాలికలు విరిగి పద్నాలుగు పలకలు పోయాయి, వాటి బదులు ఆ ఇంటిదే పాత ద్వారబంధం కోయించి వేశాం.

మొన్న సెప్టెంబరులో, వానలు బాగా పడ్డాక, ఆయనే వచ్చి ఒకచోట స్కర్టింగ్ తీసి చూశారు. 15 కాస్తా 8 అయింది. నేల మాత్రం ఎక్కడా లేవలేదు. స్కర్టింగ్ మళ్ళీ కొట్టేశారు, పలకకి తగలకుండా, గోడకే.