చెల్లుబాటు ఉండగానే

2017 జనవరి రెండో వారం. పెద్దమ్మ పోయాక పెట్టిన ఆదరణ కూడిక అయిన మర్నాడు ఇల్లు సర్దుతూ అటక మీద నుంచి విత్తనాల కుండ దించాం. మూతికి పాత చీర గుడ్డ వాసెన కట్టి ఉంది. లోపల కందులు, పురుగు పట్టకుండా కలిపిన బూడిద, ఎండిన వేపాకు. అడుగు దాకా చెయ్యి పెడితే ప్లాస్టిక్ కవరు తగిలింది. అందులో ఐదువందల నోట్లు 40, వెయ్యి నోట్లు 3. మొత్తం 23,000 రూపాయలు.

ఒక్క నోటుకీ పురుగు తగల్లేదు. చెమ్మ అంటలేదు. దొంగ కన్ను పడలేదు. అన్ని జాగ్రత్తలూ తీసుకుంది పెద్దమ్మ. కానీ 2016 నవంబర్ 8 రాత్రి ఆ నోట్లు రద్దయ్యాయి. బ్యాంకులో వేసుకునే గడువు డిసెంబర్ 30తో అయిపోయింది. మేం కవరు విప్పేసరికి గడువు దాటి రెండు వారాలు.

సిరి పోవడాన్ని మన పెద్దవాళ్ళు ఏనుగు మింగిన వెలగపండుతో పోల్చారు. పైన పెంకు పెంకులాగే ఉంటుంది, లోపల గుజ్జు ఉండదు. చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్న ఆ పోలిక నాకు నిజంగా అర్థమైంది ఆ రోజే, ఫెళఫెళలాడే ఆ నోట్లు చేత్తో పట్టుకున్నప్పుడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, చెప్పడం కష్టమే అయినా. ఆ దసరాకే పెద్దమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. మంచం పక్కన కూర్చుని మేం నోట్ల రద్దు గురించి మాట్లాడుకుంటుంటే వినేది. వింటూ ఎడమ చెయ్యి ఎత్తి పైకి చూపించేది. మళ్ళీ మళ్ళీ చూపించేది, కళ్ళ వెంట నీళ్ళు కారేవి. ప్రభువు దగ్గరికి వెళ్ళిపోతానంటోంది అనుకున్నాం. చుట్టూ చేరి పరలోకం పాటలు పాడాం. ఆవిడ చూపించింది అటకని.

మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డున చిన్న పల్లె. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతలో కొండ మీది సవర గిరిజనుల మాటలు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా గుడి, అంటే చర్చి, రేకులు సగం లేచిపోయాయి. కొత్త రేకులకి తన వంతు గట్టిగా ఇస్తానని పెద్దమ్మ మా పాస్టరు అయ్యగారికి మాట ఇచ్చింది. సంఘం లెక్కలు రాసేది నేనే కాబట్టి అప్పుడప్పుడూ గుర్తు చేసేవాణ్ణి. "ఇస్తాన్రా నాయనా, ఏటి తొందర? ఇంకొంచెం కూడనీ" అనేది. అలా మూడేళ్ళు కూడింది. గుడికి పాత రేకులే అతుకులు వేసి నెట్టుకొచ్చాం.

ఆవిణ్ణి తప్పుపట్టడానికి రాయడం లేదు. చిన్న వయసులోనే భర్త పోయిన మనిషి. పిల్లల్లేరు. చేతిలో నాలుగు రూపాయలు లేకపోతే ముసలితనంలో ఆడదాని బతుకు ఏమవుతుందో చూసి, భయపడి దాచుకుంది. ఆ భయం నాకూ ఉంది. ఇది చదివే చాలామందికి ఉంటుంది. అందుకే ఈ వచనం దగ్గర కాసేపు కూర్చోవాలనిపించింది.

లూకా సువార్త 16వ అధ్యాయం 9వ వచనం. అన్యాయపు సిరితో మీకు స్నేహితులను సంపాదించుకోండి, ఆ సిరి మిమ్మల్ని వదిలిపోయినప్పుడు వాళ్ళు నిత్యమైన నివాసాల్లో మిమ్మల్ని చేర్చుకుంటారు అంటాడు యేసు. వదిలిపోతే అనలేదు, గమనించండి. వదిలిపోయినప్పుడు అన్నాడు. మూల గ్రీకులో అక్కడున్న మాటకి తరిగిపోవడం, ఆగిపోవడం, లేకుండా పోవడం అని అర్థం. గ్రహణానికి వాళ్ళు వాడే పేరు కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. డబ్బుకి ఒక రోజు గ్రహణం పడుతుంది, అది ఖాయం. ప్రభుత్వం రద్దు చేసి పట్టవచ్చు, మనమే కన్నుమూసి పట్టవచ్చు.

సరిహద్దులో పుట్టినవాళ్ళకి చెల్లడం, చెల్లకపోవడం అనే మాటలు కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు వచ్చింది. అప్పటి నుంచీ కాగితం పట్టుకుని గీత దాటిన ప్రతిసారీ మా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. ఇక్కడ తీసుకున్న కుల ధ్రువపత్రం గీత అవతల ఆంధ్రాలోని పాతపట్నంలో చూపిస్తే తీసుకుంటారా? అమ్మాయిని శ్రీకాకుళం ఇస్తే రేషన్ కార్డు సంగతేంటి? అందుకే మా వైపు పెళ్ళి కుదిరిన ఇంట్లో, గీత దాటక ముందే కాగితాలన్నీ సరిచేయించుకుంటారు. దాటాక ఆఫీసుల చుట్టూ తిరగడం ఎంత నరకమో మాకు తెలుసు. ఇంతకంటే పెద్ద గీత ఒకటుందని, దాని అవతల రూపాయి చెల్లదని మాత్రం మర్చిపోతాం. బైబిల్లో పౌలు తిమోతికి రాసింది అదే కదా, ఈ లోకంలోకి ఏమీ తేలేదు, ఇక్కడి నుంచి ఏమీ తీసుకుపోలేం.

ఈ వచనానికి ముందు యేసు ఒక కథ చెప్పాడు. చాలామంది ప్రసంగీకులు దాన్ని పక్కన పెట్టేస్తారు, ఎందుకంటే అందులో నాయకుడు మోసగాడు. యజమాని ఆస్తి పాడుచేస్తున్నాడని గృహనిర్వాహకుడి మీద ఫిర్యాదు వచ్చింది. లెక్క అప్పజెప్పు, ఉద్యోగం పోయింది అన్నాడు యజమాని. వీడు ఆలోచించాడు. తవ్వలేను, అడుక్కోవడానికి సిగ్గు. వెంటనే బాకీదారుల్ని పిలిచాడు. నూరు మణుగుల నూనె బాకీ ఉన్నవాడి చేత ఏభై అని రాయించాడు. నూరు తూముల గోధుమలు ఇవ్వాల్సినవాడి చేత ఎనభై అని రాయించాడు. వాడి మోసాన్ని యేసు మెచ్చుకోలేదు, అలా చెయ్యమనీ అనలేదు. వాడికి తెలిసిన ఒక్క విషయాన్ని చూపించాడు. వాడి అధికారం ఇంకా ఒకటి రెండు పూటలే చెల్లుతుంది. ఆ పూటల్లో ఏం చెయ్యాలో వాడికి అర్థమైంది. "ఇంకొంచెం కూడనీ" అనుకునే తీరిక వాడికి లేదు. లెక్కలు రాసేవాడిగా నాకు ఆ కథ ఎప్పుడూ భయం పుట్టిస్తుంది. నా చేతిలో ఉన్న పుస్తకం నాది కాదు, ఏ రోజైనా అప్పజెప్పమంటారు.

ఇక స్నేహితులు. ఈ మాట చదివినప్పుడల్లా నాకు పెద్దమ్మ భూస్థాపన కళ్ళముందుకొస్తుంది.

పెద్దమ్మ ఇల్లు సంతకి వెళ్ళే దారిలో ఉండేది. సంత రోజున కొండ మీద నుంచి సవర ఆడవాళ్ళు తెల్లవారకముందే బయల్దేరి, చింతపండు, పసుపు, కొండచీపుర్లు నెత్తిన పెట్టుకుని దిగేవాళ్ళు. ఎండెక్కేసరికి మా పెద్దమ్మ అరుగు మీద కూలబడేవాళ్ళు. ఆవిడ ముందురోజు రాత్రే చోడి (రాగి) అంబలి కాచి ఉంచేది. పొద్దున్నే మజ్జిగ, ఉప్పు కలిపి, ఉల్లిపాయ చితక్కొట్టి ఇచ్చేది. అమ్ముడుపోని మూటలు మళ్ళీ సంత దాకా అరుగు మీద పెట్టుకోనిచ్చేది. సంతలో కొనుగోలుదార్లు కొలిచే కుంచం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి ఇది ఎంత పెద్ద సాయమో తెలుస్తుంది. సాయంత్రం మళ్ళీ కొండెక్కాల్సిన మనిషి సరుకు మోసుకుపోలేక ఎంతకైనా ఇచ్చేస్తుందని వాళ్ళకి తెలుసు. మూట పెట్టుకోవడానికి ఒక అరుగు ఉంటే "ఆ రేటుకి ఇవ్వను" అనగలదు. పెద్దమ్మ దీన్ని దానం అనుకోలేదు. సంఘంలో సాక్ష్యం చెప్పలేదు. నా లెక్కల పుస్తకంలో ఎక్కడా లేదు.

భూస్థాపన రోజు మేం వాళ్ళకి కబురు పెట్టలేదు. ఎవరు చెప్పారో, పదిహేను మంది దాకా దిగి వచ్చారు. వాళ్ళలో కొందరే క్రైస్తవులు. ఒక ముసలావిడ పెట్టె మీద చెయ్యి వేసి సవరలో ఏదో చాలాసేపు చెప్పింది. తర్వాత మా వైపు తిరిగి, "నా కొడుకు ఈ అరుగు మీద పెరిగాడు బాబూ" అంది తెలుగులో. ఒక్కొక్కరూ గుప్పెడు మన్ను వేసి పక్కకి జరిగారు. మా చుట్టాలకంటే వాళ్ళే ఎక్కువసేపు నిలబడ్డారు.

ఒకే మనిషి. కుండలో దాచింది ఒకటి, అరుగు మీద ఇచ్చింది ఒకటి. మొదటిదానికి లెక్క ఉంది, కవరులో మడతలు మడతలుగా. రెండోదాన్ని ఆవిడ ఎన్నడూ లెక్కపెట్టలేదు. నిత్యమైన నివాసాల దగ్గర ఆవిణ్ణి ఎదురొచ్చి చేర్చుకునేది ఎవరో నాకు అనుమానం లేదు.

ఇదే అధ్యాయం చివర్లో ఒక ధనవంతుడి, లాజరు అనే బీదవాడి కథ ఉంది. ఆ ధనవంతుడు ఎవరినైనా దోచుకున్నాడని యేసు చెప్పలేదు. ఊదారంగు బట్టలు కట్టాడు, రోజూ బాగా తిన్నాడు, అంతే. కానీ 9వ వచనంలో చెప్పిన స్నేహితుడు అతని వాకిట్లోనే పడి ఉన్నాడు. బల్ల మీద నుంచి రాలిన రొట్టెముక్కలతో ఆ స్నేహం దొరికేది. అతను రోజూ ఆ వాకిలి దాటి వెళ్ళాడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇస్తే పరలోకం దొరుకుతుందని బైబిలు చెప్పదు. రక్షణ కృప వల్ల, క్రీస్తు వల్ల. పరలోకం కొనుక్కునేది కాదు. అలాగే, వెయ్యి వేస్తే దేవుడు లక్ష ఇస్తాడని టీవీలో చెప్పేవాళ్ళ మాట వినకండి. అది దేవుడితో వడ్డీ వ్యాపారం. వాళ్ళ మాట విని మా దగ్గర ఒక చెల్లెలు వారం వడ్డీకి తెచ్చి కానుక పంపింది. ఆ అప్పు తీర్చడానికి ఇంట్లో మేకలు అమ్మారు. మనసు సిద్ధంగా ఉంటే కలిగినదాన్ని బట్టి ఇచ్చిందే దేవునికి ప్రీతి, లేనిదాన్ని బట్టి కాదు అని పౌలు కొరింథీయులకి స్పష్టంగా రాశాడు. అప్పుచేసి కానుక వెయ్యవద్దు. ఇంట్లో మందులు ఆపి కానుక వెయ్యవద్దు.

మరి సువార్తలో బీద విధవరాలు కానుక పెట్టెలో వేసిన రెండు కాసుల సంగతేంటి అంటారా? అవునండీ, అవి ఆ రోజుల్లో ఒక రోజు కూలిలో 64వ వంతు. ఆమె జీవనమంతా వేసిందని యేసు గమనించాడు, ఎందుకంటే ఆయన పెట్టెలో పడింది కాదు, చేతిలో మిగిలింది చూశాడు. ప్రతి ఆదివారం కానుక సంచి బల్ల మీద కుమ్మరించి లెక్కపెట్టే నాకు మిగిలింది కనిపించదు. నాకు కనిపించేదల్లా, నాలుగు మడతలు పెట్టి, చెమటకి తడిసిన పదిరూపాయల నోటు. దాన్ని విప్పి సరిచేస్తున్నప్పుడు వేళ్ళు కొంచెం మెల్లగా కదుల్తాయి.

18వ శతాబ్దంలో ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ సరిగ్గా ఈ లూకా 16:9 మీదే డబ్బు గురించి ప్రసంగం చేశాడు. న్యాయంగా ఎంత వీలైతే అంత సంపాదించు, ఎంత వీలైతే అంత పొదుపు చెయ్యి, ఎంత వీలైతే అంత ఇవ్వు అన్నాడు. మొదటి రెండూ మన తెలుగువాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. వెస్లీ ఆక్స్‌ఫర్డ్ రోజుల గురించి చెప్పుకునే లెక్క ఒకటుంది. మొదటి ఏడు 30 పౌన్లు వస్తే 28తో బతికి 2 ఇచ్చాడు. ఆదాయం 60 అయినప్పుడు కూడా 28తోనే బతికాడు, 32 ఇచ్చాడు. 90 వచ్చినా అదే 28. ఆదాయం పెరిగితే మన ఇల్లు పెరుగుతుంది, బండి మారుతుంది. ఆయనకి పెరిగింది ఇచ్చేది. నేను అంతటివాణ్ణి కాను. కానీ ఆ లెక్క చూశాక ఒక పని మొదలుపెట్టాను. జీతం పడిన రోజునే ఇవ్వాల్సింది తీసి పక్కన పెట్టి, ఆ వారంలోనే ఇచ్చేస్తాను. నెలాఖరు దాకా కూడనివ్వను.

మా స్త్రీల సమాజంలో ఇంకా సులువైన పద్ధతి ఉంది, ఎప్పటి నుంచో. ఎసట్లో బియ్యం పొయ్యబోయే ముందు గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. నెలకోసారి డబ్బాలన్నీ గుడిలో కుమ్మరిస్తారు. పెద్దమ్మ చివరి దాకా ఆ గుప్పెడు మానలేదు. అన్నం వండాక మిగిలితే ఇచ్చేది కాదు, ఎసరు మరిగేటప్పుడే తీసేది. ఆవిడకి తెలిసిన ఈ మంచి పద్ధతిని కవరులో ఉన్న డబ్బుకి కూడా వాడి ఉంటే అనిపిస్తుంది నాకు. అంతకు మించి ఆవిడ మీద నాకే ఫిర్యాదూ లేదు.

ఆ కుండలో కందుల్ని ఆ ఏడు తొలకరికి మెట్ట మీద చల్లాం. బూడిదా వేపాకూ బాగా పనిచేశాయి, దాదాపు అన్నీ మొలిచాయి. 2018 జనవరిలో కోతల పండుగకి మొదటి కుంచం కందులు గుడికి పట్టుకెళ్ళాం. ఆరాధన అయ్యాక అలవాటు ప్రకారం కోళ్ళు, గుమ్మడికాయలు, అరటిగెలలు వేలం వేశారు. మా కందులు పాడుకున్నది కొండ మీది సంఘం నుంచి వచ్చిన సవర కుర్రాడు, 310 రూపాయలకి. కొత్త నోట్లు తీసి నా చేతిలో పెట్టాడు. పేరు ఎవరిది రాయాలి అని అయ్యగారు అడిగారు. లెక్కల పుస్తకం తెరిచి, రేకుల నిధి అన్న పేజీలో పెద్దమ్మ పేరు రాశాను.