డీవీడీ సినిమాల సౌండును వీబీఆర్‌లోకి మార్చడం – నా అనుభవం

అమలాపురం గాలిలో తేమకి డీవీడీలు ఎక్కువ కాలం నిలవవు. మా బీరువాలో కొన్నిటి అంచుల్లో బూజు మచ్చలు మొదలయ్యాయి. అవి ఇంకా చదవబడుతుండగానే, కొనుక్కున్న సినిమాల సౌండు ట్రాకులన్నీ దించి పెట్టుకున్నాను. కావలసినవి రెండు రకాలు: టీవీకి పెట్టే పెన్‌డ్రైవులో బొమ్మతో పాటు ఆడేది ఒకటి, రాజమండ్రి బస్సులో ఫోన్లో వినడానికి ఉత్త సౌండు ఒకటి. ఏ సెట్టింగు ఎందుకు పెట్టానో, ఎక్కడ తప్పు వచ్చిందో రాస్తున్నాను.

ముందు వీబీఆర్ (అవసరాన్ని బట్టి మారే బిట్‌రేటు, అంటే సెకనుకు వాడే బిట్ల లెక్క) ఎందుకంటే. సినిమా సౌండు పాటల సీడీలా ఉండదు. పది నిమిషాలు ఇద్దరు మాట్లాడుకుంటారు, ఓ నిమిషం ఏ చప్పుడూ ఉండదు, ఆ వెంటనే వానలో పాట. స్థిరంగా 128 కిలోబిట్లు పెడితే మాటల దగ్గర బిట్లు దండగ, వానపాట దగ్గర చాలవు. వీబీఆర్‌లో మనం చెప్పేది నాణ్యత; ఏ క్షణానికి ఎన్ని బిట్లు కావాలో సౌండును కుదించే ఎన్‌కోడరే చూసుకుంటుంది. లేమ్ (ఎంపీ3 తయారుచేసే ఎన్‌కోడరు) నడుస్తున్నప్పుడు ఏ బిట్‌రేటులో ఎన్ని ఫ్రేములు పడుతున్నాయో స్క్రీన్ మీద గీతలుగా కనబడుతుంది. మాటల సీన్లో గీతలు కింది వరుసల్లో పెరుగుతాయి, వాన మొదలవగానే 256, 320 వరుసలు లేస్తాయి. ఆ ఒక్క దృశ్యం చూస్తే విషయం అర్థమైపోతుంది.

అందుకే పరీక్షకి మాటల ముక్కలు తీసుకోలేదు. ఒక్కోటి 30 సెకన్ల చొప్పున కష్టమైనవే ఏరాను: పెంకుల మీద జోరువాన, జాతరలో డప్పులు, గజ్జెలు తాళాలు కలిసిన నాట్యం, సన్నాయి. వానలో పదేపదే వచ్చే స్వరమంటూ ఏదీ లేదు కాబట్టి ఎన్‌కోడర్‌కి పట్టు దొరకదు. గజ్జెలది ఇంకో చిక్కు. ఎంపీ3 ఒక్కో ఫ్రేములో 1152 శాంపుళ్లు తీసుకుంటుంది, అంటే 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48 వేల శాంపుళ్లు) దగ్గర 24 మిల్లీసెకన్లు. బిట్లు చాలకపోతే దెబ్బ పడకముందే దాని రొద ఆ ఫ్రేములో వెనక్కి పాకుతుంది. ఘల్లుమనే ముందు 'ఉస్' అని వినబడుతుంది.

లేమ్ నాణ్యత మెట్లు (అంకె తగ్గేకొద్దీ నాణ్యత ఎక్కువ) వీ5, వీ4, వీ2, వీ0 నాలుగూ చేసి, ఏది ఏదో తెలియకుండా ఫూబార్ ప్లేయరులోని ఏబీఎక్స్ పరీక్షతో అసలుదానితో పోల్చాను. 16 సార్లలో 12 సరిగ్గా పట్టుకుంటేనే తేడా వినబడినట్టు లెక్క. అంతకు తక్కువైతే ఊహే అనుకోవాలి. వీ5లో గజ్జెలు సులువుగా దొరికిపోయాయి. వీ4లో వాన కొంచెం నీళ్లలో మునిగినట్టయింది. వీ2లో పట్టుకోలేకపోయాను. వీ2 సగటు సుమారు 190 కిలోబిట్లు, వీ0 సుమారు 245. 160 నిమిషాల సినిమాకి వీ2 లెక్కన 228 మెగాబైట్లు. మాటలు ఎక్కువున్న సినిమా అంతకంటే తక్కువలోనే సరిపోతుంది. వీ2 ఖాయం చేసుకున్నాను.

అయితే "మాటలు వినబడటం లేదు, పాట రాగానే చెవులు పగులుతున్నాయి" అని అందరూ బిట్‌రేటుని తిట్టే చోట దోషం నిజానికి డౌన్‌మిక్స్‌ది, అంటే ఎక్కువ చానళ్లను రెండుగా కలపడంది. డీవీడీలో 5.1 ఏసీ3 (ఆరు చానళ్ల డాల్బీ సౌండు) ఉంటే మాటలన్నీ మధ్య చానల్లో ఉంటాయి. సౌండు, వీడియో మార్చే ప్రోగ్రాం ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి రెండు చానళ్లు చాలంటే మధ్య చానల్‌ను 3 డెసిబెల్స్ తగ్గించి కుడిఎడమల్లో కలుపుతుంది, సబ్‌వూఫర్ చానల్‌ను వదిలేస్తుంది. 16 బిట్ల వేవ్‌గా (కుదించని ఫైలు) దించితే, ఎక్కడా క్లిప్ కాకుండా, అంటే శిఖరాలు తెగకుండా, మొత్తం స్థాయిని ఇంకో 7.7 డెసిబెల్స్ దాకా దించుతుంది. ఇక మాట ఎక్కడ వినబడుతుంది? నేను ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోని పాన్ (చానళ్లు కలిపే) ఫిల్టర్‌లో నిష్పత్తి చేత్తో ఇచ్చాను: మధ్య చానల్ 1, ముందు కుడిఎడమలు 0.7, వెనకవి 0.5. అందులో సమానం గుర్తు బదులు 'తక్కువ' గుర్తు పెడితే మొత్తం 1 దాటకుండా అదే సర్దుతుంది. తర్వాత అందులోదే వాల్యూమ్‌డిటెక్ట్ ఫిల్టర్‌తో శిఖరం ఎంతుందో చూసి, పైన 1.5 డెసిబెల్స్ ఖాళీ వదిలి మిగతాది పెంచాను. ఆ ఖాళీ ఉండాలి. ఎన్‌కోడ్ చేశాక శిఖరాలు అసలుకంటే కొంచెం పైకి లేస్తాయి.

రాత్రిపూట తక్కువ సౌండుతో చూసేవాళ్లకి లౌడ్‌నార్మ్ (సౌండు స్థాయిని సరిచేసే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఫిల్టర్) పనికొస్తుంది. కాని అది డైనమిక్ పద్ధతిలో నడిస్తే సౌండును 192 కిలోహెర్ట్జ్‌కి ఎత్తేస్తుంది. చివర్లో 48000 అని మళ్లీ చెప్పాలి.

మధ్యలో దాచే ఫైలు వేవ్ వద్దు. 24 బిట్ల 5.1 వేవ్ 160 నిమిషాలకి సుమారు 8.3 గిగాబైట్లు, వేవ్ హెడర్‌లో సైజు 4 గిగాబైట్లకు మించి రాయలేదు. ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించే పద్ధతి) వాడితే ఆ బాధ లేదు.

పాత సినిమాలు మోనో. డిస్కులో రెండు చానళ్లున్నా రెండిటిలోనూ ఒకటే ఉంటుంది. కుడిలోంచి ఎడమ తీసేసి చూడండి. నిశ్శబ్దం మిగిలితే మోనోయే. అప్పుడు మోనోగానే ఎన్‌కోడ్ చేయాలి. అరిగిన ప్రింటు నుంచి వచ్చిన 'చర్‌ర్' రొద మీద వీబీఆర్ చాలా బిట్లు పోస్తుంది, అది వాన లాంటిదే కదా. రొద తగ్గించే ఫిల్టర్లు వేశాను కాని గొంతులోని జీవం పోయింది, తీసేశాను. సైజు పెరిగితే పెరగనీ.

5.1ని 5.1గానే వినేవాళ్లు అసలు మార్చకండి. 448 కిలోబిట్ల ఏసీ3 160 నిమిషాలకి 538 మెగాబైట్లు. ఓపస్ (ఎంపీ3 లాంటి మరో కొత్త పద్ధతి) 256తో 307 అవుతుంది, కాని ఆప్టికల్ తీగలో హోమ్ థియేటర్‌కి ఓపస్ పోదు. 230 మెగాబైట్లకోసం అంత తంటా అనవసరం. ఫోన్లోకి మాత్రం ఓపస్ స్టీరియో 128 పెట్టాను, 154 మెగాబైట్లు. ఓపస్‌కి 5.1 ఇవ్వాలనుకుంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ 'సైడ్' అమరికను ఒప్పుకోక ఆగిపోతుంది. చానల్ లేఅవుట్‌ను మామూలు 5.1 అని మార్చి ఇవ్వాలి. ఏఏసీ (ఇంకో సౌండు పద్ధతి) కావాలంటే, ఎఫ్‌డీకే అనే ఎన్‌కోడర్లో వీబీఆర్ 4 చానల్‌కి 64 నుంచి 72 కిలోబిట్లు, 5 అయితే 96 నుంచి 112. ఎఫ్ఎఫ్ఎంపెగ్ సొంత ఏఏసీలో మాత్రం వీబీఆర్ నమ్మదగ్గది కాదు, దానికి బిట్‌రేటే ఇవ్వండి.

బొమ్మతో కలిపేటప్పుడు ఏవీఐ రకం వీడియో ఫైలు జోలికి పోవద్దు. అది వీబీఆర్ ఎంపీ3కి కుదిరేలా కట్టింది కాదు, పెదవులకీ మాటకీ పొంతన తప్పుతుంది. ఎంకేవీలో ఆ ఇబ్బంది లేదు. తుఫాను రోజుల్లో కరెంటు పోయే మాకు దానివల్ల ఇంకో లాభం: సగంలో ఆగిన ఎంకేవీ అక్కడిదాకా ఆడుతుంది, ఎంపీ4 సూచిక చివర్లో రాస్తారు కాబట్టి సగంలో ఆగితే మొత్తం పోయినట్టే. సగంలో ఆగిన ఎంపీ3కి మొదటి ఫ్రేములోని హెడర్ సరిగా నిండదు, ప్లేయరు నిడివి తప్పు చూపిస్తుంది. మళ్లీ చేయడమే మేలు.

పాల్ (సెకనుకు 25 ఫ్రేముల టీవీ పద్ధతి) డిస్కుల సంగతి విడిగా చూడాలి. 24 ఫ్రేముల సినిమాను 25తో నడిపిస్తారు కాబట్టి 160 నిమిషాలది 153.6 అవుతుంది, పాట శ్రుతి హార్మోనియం మీద ముప్పాతిక మెట్టు పైకి పోతుంది. అదే పాట ఆడియో సీడీతో పోల్చి చూస్తే తెలిసిపోతుంది. బొమ్మతో కలిపేదాన్ని అలాగే ఉంచాను. ఉత్త సౌండుకి మాత్రం శాంపుల్ రేటు 46080 అని ప్రకటించి, మళ్లీ 48000కి రీశాంపుల్ చేసి, ఆ తర్వాతే ఎన్‌కోడ్ చేశాను. ఎన్‌కోడ్ అయ్యాక మొదటి పాట, చివరి పాట రెండిటినీ సీడీతో మళ్లీ పోల్చాను. రెండుచోట్లా శ్రుతి కలిసినవే ఫోన్లోకి ఎక్కించాను.