నీట్ పుస్తకాలు పక్కన పెట్టి ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ రాశాను: నా ప్రిపరేషన్ కబుర్లు

"ఇంట్లో కుక్కర్ దించడం రాదు, హోటల్లో వంట చేస్తావటే!" నీట్ లాంగ్‌టర్మ్ మానేసి హోటల్ మేనేజ్‌మెంట్ ఎంట్రన్స్ ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ రాస్తానన్నప్పుడు మా అమ్మ అన్న మాట ఇది. అమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు. అప్పటికి నాకు వచ్చిన వంట మ్యాగీ, ఉప్మా. కానీ ఈ పరీక్షలో ఎవరూ మనకు వంట వచ్చా అని అడగరు. ఆ సంగతి చాలామందికి తెలియక భయపడతారు.

నేను రాసింది 2023 మే 14న. ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరే, ఇంగ్లిష్ ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది, తెలుగులో ఉండదు. ఆ ఏడాది 200 ప్రశ్నలు, మూడు గంటలు. లెక్కలు 30, రీజనింగ్ 30, జీకే 30, ఇంగ్లిష్ 60, సర్వీస్ సెక్టార్ ఆప్టిట్యూడ్ (హోటల్ లాంటి చోట గెస్ట్‌లతో ఎలా మెలుగుతామో చూసేది) 50. ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. ప్యాటర్న్ మారుతూ ఉంటుంది కాబట్టి మీ ఏడాది బులెటిన్ చూసుకునే మొదలుపెట్టండి.

ఆ అంకెలు ఒకసారి కూడి చూడండి. ఇంగ్లిష్, ఆప్టిట్యూడ్ కలిపితే 110. సగం పైనే. నేను మాత్రం మొదటి నెలంతా టైమ్ అండ్ వర్క్ లెక్కలతోనే గడిపాను. బైపీసీ దాన్ని కదా, లెక్కలంటే భయం. మాక్ టెస్ట్ రాస్తే లెక్కల్లో బాగానే వచ్చింది, ఇంగ్లిష్‌లో మునిగాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం మరి.

అప్పుడు ఒక పాత నోట్సు తీసుకుని తప్పులు మాత్రమే రాయడం మొదలుపెట్టాను. రెండు వారాలకే ఒక విషయం తేలింది. నాకు కష్టమైన పదాలతో గొడవ లేదు. నా తప్పుల్లో ఎక్కువ భాగం ప్రిపొజిషన్లు, ఆర్టికల్స్. మన భాషలో 'ఎ', 'ది' అనేవి లేవు కదా, వాటిని మన కన్ను దాటేస్తుంది. 'దాని గురించి చర్చించాం' అంటాం కాబట్టి 'డిస్కస్ అబౌట్' అని రాస్తాం. నిజానికి అక్కడ 'అబౌట్' అక్కర్లేదు. 'రిటర్న్ బ్యాక్' కూడా అలాంటిదే. తెలుగు నుంచి జారిపడే ఇలాంటివి ఓ నలభై దాకా పోగేసి రోజూ పొద్దున్నే చూసుకునేదాన్ని. ఒకాబులరీ పుస్తకాలు చదివినదానికంటే ఆ నాలుగు పేజీలే నాకు ఎక్కువ మార్కులు తెచ్చాయి.

సర్వీస్ ఆప్టిట్యూడ్‌ను అందరూ కామన్ సెన్సే కదా అని వదిలేస్తారు. నేనూ వదిలేశాను. ఒక మాక్‌లో ఇలాంటి ప్రశ్న వచ్చింది: గెస్ట్ ప్లేట్‌లో వెంట్రుక వచ్చింది, మీరేం చేస్తారు? వండినవాళ్లను పిలిపిస్తాను అని పెట్టాను. తప్పు. ముందు క్షమాపణ చెప్పి ఆ ప్లేట్ టేబుల్ మీద నుంచి తీసేయాలి, మిగతావన్నీ ఆ తర్వాతే. నాలాంటి తగువులమారులకు ఇది కాస్త కష్టం. తప్పు ఎవరిదో తేల్చే ఆప్షన్, మన తప్పు లేదని నిరూపించుకునే ఆప్షన్ ఉంటే ముందు వాటిని కొట్టేయండి. మిగిలినవాటిలో గెస్ట్ ఇబ్బందిని వెంటనే తీర్చేది చూడండి.

నెగెటివ్ మార్కులంటే టెన్షన్ పడి ఒక మాక్‌లో 40 ప్రశ్నలు వదిలేశాను. మా అన్నయ్య లెక్క వేసి చూపించాడు. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెట్టినా సగటున ప్రశ్నకు పావు మార్కు లాభమే. ఒక్క ఆప్షన్ తీసేయగలిగితే ఆ లాభం ముప్పావుకు కాస్త తక్కువ దాకా పెరుగుతుంది. ఆ తర్వాత ఏ ప్రశ్నా వదల్లేదు. కోత ఎక్కువుండే వేరే పరీక్షలకు ఈ లెక్క పనికిరాదు, అది గుర్తుంచుకోండి.

రీజనింగ్‌కు ప్రాక్టీస్ చాలు. జీకేలో కరెంట్ అఫైర్స్‌తో పాటు టూరిజం, తిండి సంగతులు చూసుకున్నాను. రామప్పకు యునెస్కో గుర్తింపు 2021లో, హైదరాబాద్ హలీమ్‌కు జీఐ (ఫలానా ఊరి సరుకు అనే గుర్తింపు) 2010లో, అలాంటివి. చదువుతుంటే ఆకలేసే సబ్జెక్టు ఇదొక్కటే.

ర్యాంక్ వచ్చాక అసలు తలనొప్పి మొదలవుతుంది. మీకు కావలసింది హోటలా, వంటగదా? ఐహెచ్‌ఎంలలో, అంటే హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్లలో, ఈ పరీక్షతో వచ్చే మూడేళ్ల బీఎస్సీలో ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్, సర్వీస్, ఫుడ్ ప్రొడక్షన్ (అంటే వంట) అన్నీ చదవాలి. డిగ్రీ ఢిల్లీలోని జేఎన్‌యూది. పరుపు మీద దుప్పటి మడత పెట్టడానికి కూడా ప్రాక్టికల్ ఉంటుంది. వంట ఒక్కటే చాలు అనుకుంటే తిరుపతి, నోయిడాల్లో ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అక్కడ కలినరీ ఆర్ట్స్‌లో (అంటే వంట కళలో) బీబీఏ ఉంది. బేగంపేటలో ఉస్మానియా యూనివర్సిటీకి అనుబంధంగా కలినరీ అకాడమీ ఆఫ్ ఇండియా ఉంది. వాటి నోటిఫికేషన్లు, ఫీజులు విడిగా చూసుకోండి. నేను అన్నీ కలిసిన కోర్సే తీసుకున్నాను, ఎందుకంటే నాకు అప్పటికి ఏది ఇష్టమో తెలియదు.

తెలిసింది మాత్రం హాలండేజ్ సాస్ విరిగిపోయిన రోజు. పచ్చసొనలో కరిగిన వెన్న సన్నటి ధారగా పోస్తూ వేడినీళ్ల గిన్నె మీద గిలక్కొట్టాలి. నేను మంట తగ్గించలేదు. రెండు నిమిషాల్లో వెన్న ఒకవైపు, ఉడికిన గుడ్డు పలుకులు ఒకవైపు. పారబోయబోతే మా చెఫ్ సార్ ఆపి, ఇంకో గిన్నెలో కొత్త పచ్చసొన, చెంచాడు నీళ్లు వేసి, ఆ విరిగినదాన్నే కొంచెం కొంచెంగా కలపమన్నారు. చేయి లాగేసింది కానీ సాస్ మళ్లీ కలిసింది. ఆ రోజు నుంచి నాకు వంటగదే.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. కిచెన్‌లో మామూలుగా చేరేది కమీగా, అంటే అన్నిటికంటే కింది మెట్టు వంట ఉద్యోగిగా. అక్కడి నుంచి డెమీ షెఫ్, షెఫ్ ద పార్టీ, సూ షెఫ్ (హెడ్ షెఫ్ తర్వాతి స్థానం), ఇలా ఒక్కో మెట్టే. మొదటి జీతాన్ని బీటెక్ ఫ్రెండ్స్ జీతంతో పోల్చుకుంటే ఏడుపే మిగులుతుంది. పండగలకు ఇల్లుండదు, రోజంతా నిలబడే పని. ఒబెరాయ్ వాళ్ల కిచెన్ మేనేజ్‌మెంట్ లాంటి ట్రైనీ ప్రోగ్రాముల్లో సీటొస్తే ఒకట్రెండు మెట్లు దాటి మొదలుపెట్టవచ్చు. ఓడల్లో వెళ్లాలంటే సీడీసీ (ఓడ ఉద్యోగి గుర్తింపు పుస్తకం), ఎస్‌టీసీడబ్ల్యూ (ఓడలో భద్రత శిక్షణ) సర్టిఫికెట్లు చేయించుకోవాలి. విమానాల ఫ్లైట్ కిచెన్లు, ఫుడ్ కంపెనీల్లో కొత్త రుచులు తయారుచేసే ల్యాబ్‌లు, ఆర్మీలో జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) కేటరింగ్ పోస్టులు కూడా ఉన్నాయి. పాఠాలు చెప్పాలనుకుంటే హోటల్ మేనేజ్‌మెంట్ టీచర్ల అర్హత పరీక్ష ఎన్‌హెచ్‌టీఈటీ రాయాలి.

ఇంకో చిన్న విషయం. సీటొచ్చిన సంబరంలో ఆన్‌లైన్‌లో కత్తుల సెట్టు కొనేయకండి, నేను కొని డబ్బులు పోగొట్టుకున్నాను. కాలేజీ ఇచ్చే లిస్టులో వేరే కత్తులున్నాయి. ఆ డబ్బు పెట్టి జారని గట్టి బూట్లు కొనుక్కోండి.